బందరు దీపస్తంభమూ, మా బాబాయి టార్చిలైటూ

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో కుర్రాడొకడు "ఈ రోజుల్లో లైట్‌హౌసులెందుకండీ, శుద్ధ దండగ. ప్రతి ఓడలోనూ జీపీఎస్ ఉంటుంది కదా" అన్నాడు. వాడిది కరీంనగరు. సముద్రాన్ని చూసింది గోవాలోనేనట, అదీ రెండు రోజులు. నోట్లో ముద్ద ఉండబట్టి అప్పుడు ఊరుకున్నాను. ముద్ద మింగేసరికి కబుర్లు అప్రైజళ్ళ మీదికి పోయాయి. అంచేత ఆ రోజు చెప్పలేకపోయిందంతా ఇక్కడ వెళ్ళగక్కుతున్నా. కాస్త పొడుగే, ఓపికున్నవాళ్ళు చదవండి :-)

మాది గుణదల. సముద్రానికీ మాకూ అరవై డెబ్భై కిలోమీటర్ల దూరం. అయినా చిన్నప్పుడు మా ఊళ్ళో లైట్‌హౌస్ ఉందనే అనుకునేవాణ్ణి. వేసవిలో డాబా మీద మంచాలేసుకుని పడుకుంటే గుణదల కొండ మీద శిలువ దగ్గర దీపం కనబడేది. "అదేరా లైట్‌హౌసంటే. ఏలూరు కాలవలో వచ్చే ఓడలు దాన్ని చూసుకునే వస్తాయి" అని మా బాబాయి చెప్పాడు. నేను నమ్మేశా. కాలవలో గుర్రపుడెక్క తప్ప ఇంకేదీ కదలగా చూడలేదన్న అనుమానం కూడా రాలేదు. పదేళ్ళొచ్చేదాకా అదే నమ్మకం. తరవాత తెలిసిందేమిటంటే, బాబాయి చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక ఈ కాలవలన్నీ పడవల దారులే. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ... బియ్యమూ, ఉప్పూ, మనుషులూ అన్నీ వాటి మీదే తిరిగేవి. ఓడలు మాత్రం రాలేదు లెండి.

అసలు లైట్‌హౌస్ చూసింది బందరులో. ఒక కార్తీక పౌర్ణమికి ఇంటిల్లిపాదీ సముద్ర స్నానానికని బయల్దేరాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు, అక్కణ్ణించి మంగినపూడి. అక్కడ మెరిసే ఇసక ఉండదు, కాళ్ళకి అతుక్కునే నల్లటి ఒండ్రు. నీళ్ళలో ఎంత దూరం నడిచినా మోకాలు దాటదు. అలా నడుచుకుంటూ పోయి నాన్న వెనక్కి తిరిగి "ఒరేయ్, ఇప్పుడు ఒడ్డేదో చెప్పు" అన్నారు. జనం చీమల్లా ఉన్నారు. వాళ్ళ వెనక ఒక సన్నటి ఆకుపచ్చ గీత, దాని మీద నిలబెట్టిన సుద్దముక్కలా ఆ స్తంభం. అంతే, ఇంకేం లేదు. ఆ గీత బందరుదో, బాపట్లదో, నరసాపురందో చెప్పడానికి ఒక్క గుర్తూ లేదు.

అసలు విషయం అక్కడే ఉంది. డెల్టా తీరమంటే నది మోసుకొచ్చిన మట్టి. కొండ ఉండదు, గుట్ట ఉండదు. విశాఖపట్నం ఓడ కళాసీకి దూరం నుంచే డాల్ఫిన్స్ నోస్ కనబడుతుంది. మన కృష్ణా తీరానికొచ్చేవాడికి కనబడేది తాటిచెట్లే. పైగా నీళ్ళు లోతు తక్కువ కాబట్టి, నేల కనబడేంత దగ్గరికొస్తే ఓడ అడుగు అప్పటికే బురదకి తగిలే ప్రమాదం. పాతకాలంలో పెద్ద ఓడలు బందరు ఒడ్డుకి అయిదు మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి, సరుకంతా చిన్న పడవల్లో చేరవేసేవారు. కృష్ణ సముద్రంలో కలిసే చోట నావికుల పటాల్లో ఒకటి దివి పాయింట్, ఇంకోటి ఫాల్స్ దివి పాయింట్ అని ఉంటాయి. ఫాల్స్ అని పేరే పెట్టారంటే ఆ తీరం కళ్ళని ఎంత మోసం చేస్తుందో ఊహించుకోండి.

లెక్కలంటే సరదా ఉన్నవాళ్ళకి ఒక చిన్న సూత్రం. మీటర్లలో ఎత్తుకి వర్గమూలం కట్టి 3.57 పెట్టి గుణిస్తే, ఆ ఎత్తు నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా కనబడుతుందో వస్తుంది. నీటి అంచున నిలబడ్డ మనిషికి నాలుగున్నర కిలోమీటర్లలోనే ప్రపంచం అయిపోతుంది. 50 మీటర్ల ఎత్తున దీపం పెడితే దాని చూపు పాతిక కిలోమీటర్లు. నాలుగు మీటర్ల ఎత్తున్న డెక్కు మీద నిలబడ్డవాడి చూపు ఏడు కిలోమీటర్లు. రెండూ కలిపితే 32. అదే విశాఖలో చూడండి. డాల్ఫిన్స్ నోస్ సముద్రమట్టానికి 174 మీటర్లు, అంటే 47 కిలోమీటర్లు. ఓడ బ్రిడ్జి 20 మీటర్లుంటే ఇంకో 16. మొత్తం 63. అక్కడ 1957లో పెట్టిన లైట్‌హౌస్ 65 కిలోమీటర్ల దాకా కనబడుతుందని పుస్తకాల్లో రాస్తారు, లెక్క దాదాపు సరిపోయింది. విశాఖకి కొండ ఫ్రీగా వచ్చింది. బందరుకి ఆ ఎత్తంతా ఇటుకా సిమెంటూ పెట్టి కట్టుకోవాల్సిందే. డెల్టాలో లైట్‌హౌసులు పొడుగ్గా ఉండేది అందుకే, అందం కోసం కాదు.

ఇక రెండో సంగతి. దీపం వెలిగితే చాలదు, అది ఏ దీపమో కూడా తెలియాలి. ఒక్కో లైట్‌హౌసుకి ఒక్కో వరస ఉంటుంది. ఒకటి పది సెకన్లకి రెండుసార్లు మెరిస్తే, పక్కది పదిహేను సెకన్లకి ఒకసారి మెరుస్తుంది. ఓడలో ఆఫీసరు స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెట్టి, దీపాల జాబితా పుస్తకంలో చూసుకుని "ఇది ఫలానా చోటు" అని తేల్చుకుంటాడు. మన భాషలో చెప్పాలంటే ఒక ఐడీని నిమిషానికి ఆరుసార్లు బ్రాడ్‌కాస్ట్ చేయడం. లాగిన్ లేదు, హ్యాండ్‌షేక్ లేదు, సెషన్ లేదు, వినేవాడు ఉన్నాడా లేదా అన్న పట్టింపూ లేదు. ఇంతకన్నా సింపుల్ ప్రోటోకాల్ నా సర్వీసులో ఇంకోటి చూడలేదు.

ఆథెంటికేషన్ కూడా లేదన్నది నిజమే, దాని ఫలితాలూ ఉన్నాయి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వచ్చి మద్రాసు మీద గుండ్లు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టి పోయింది. దానిక్కూడా మద్రాసు దీపాలే దారి చూపించాయి. అరవంలో గట్టిపిండాన్ని ఇప్పటికీ ఎండెన్ అంటారు.

మద్రాసు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. అప్పట్లో మనమూ ఆ ప్రెసిడెన్సీలోవాళ్ళమే. అక్కడ 1796లో కోటలో ఒక భవనం పైకప్పు మీద కొబ్బరినూనె దీపాలతో మొదటి లైట్‌హౌస్ పెట్టారు. 1844లో రెండోది రాతి స్తంభం. 1894లో ఏకంగా హైకోర్టు గుమ్మటం మీదికే ఎక్కించారు. కింద తీర్పులు, పైన దీపం! మెరీనా ఒడ్డున ఇప్పుడున్నది 1977 జనవరిలో వెలిగిన నాలుగోది. నూనె నుంచి గ్యాసు, గ్యాసు నుంచి కరెంటు, ఇప్పుడు ఎల్ఈడీ. ఈ కథలో నాకు ముచ్చటైన మనిషి ఫ్రెనెల్. మందపాటి గాజు కటకాన్ని అరిసెల్లా ముక్కలు చేసి, పనికిరాని గాజంతా తీసేసి, వంపులు మాత్రం మిగిల్చి గుండ్రంగా పేర్చాడు. 1823లో ఫ్రాన్సులో కార్డువాన్ లైట్‌హౌసులో పెట్టారు. అదే దీపం, వెలుగు మాత్రం ఎన్నో రెట్లు దూరం పోయింది. హార్డ్‌వేర్ మార్చకుండా పెర్ఫార్మెన్స్ పెంచడమంటే ఇదీ! ఆ బరువైన కటకాలు సులువుగా తిరగడానికి పాదరసం తొట్టిలో తేల్చేవారు కూడా. ఇంకొకాయన, స్వీడన్‌కి చెందిన డాలెన్, పగలు దానంతటదే ఆరిపోయి చీకటి పడగానే వెలిగే కవాటం కనిపెట్టి 1912లో నోబెల్ కొట్టేశాడు. సెన్సార్ అన్న మాట మనం వాడడానికి వందేళ్ళ ముందు సంగతి. అదే ఏడు ప్రయోగంలో గ్యాసు పేలి ఆయన చూపు పోయింది. లోకానికి దీపం పెట్టినాయన మిగిలిన పాతికేళ్ళూ చీకట్లోనే పనిచేశాడు.

సరే, బందరుకొద్దాం. మన బందరు సామాన్యమైన ఊరు కాదండీ. గోల్కొండ రాజ్యానికి సముద్రం మీది గుమ్మం అది. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఆ గుమ్మంలోంచే వచ్చారు. కలంకారీ బట్టలు అక్కణ్ణించే ఎక్కడెక్కడికో పోయాయి. అలాంటి ఊరి మీద 1864 నవంబరు 1 రాత్రి తుపాను పడింది. ఉప్పెన ఊరి మీదుగా మైళ్ళకొద్దీ లోపలికి పోయింది. ముప్ఫైవేల మందిదాకా చచ్చిపోయారు. ఒక్క రాత్రిలో.

అంతకు నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తాని కూడా ఇలాంటి తుపానే కొట్టింది. దాని తరవాత కలకత్తా ఓడరేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఎందుకు పుట్టిందో ఎక్కడ చదివినా 1864 కలకత్తా తుపాను పేరు కనబడుతుంది. అదే సంవత్సరం, నెల తిరక్కుండా, దాదాపు అంత ఘోరంగానే పోయిన బందరు పేరు మాత్రం ఎవరూ తలవరు. నాకు ఇక్కడే కాలుతుంది. రాజధానిలో సర్వర్ పడితే ఇన్సిడెంట్, పల్లెటూళ్ళో పడితే లాగ్‌లో ఒక లైను.

ఆ హెచ్చరికల పద్ధతి మనందరికీ తెలుసు, తెలుసన్న సంగతే తెలీదు. "మచిలీపట్నం, కృష్ణపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు." పొద్దున్నే విజయవాడ రేడియో ప్రాంతీయ వార్తల్లో ఈ వాక్యం వినకుండా పెరిగిన కోస్తావాడెవడూ ఉండడు. ఎగురవేయడమంటే జెండా అనుకునేవాణ్ణి. కాదు, పగలు కర్రకి శంకువులూ డ్రమ్ములూ వేలాడదీస్తారు, రాత్రి ఎరుపూ తెలుపూ దీపాలు పెడతారు. ఒకటీ రెండూ అంటే దూరాన ఏదో ఉందని. మూడూ నాలుగూ అంటే ఇక్కడే గాలి ముప్పుందని. అయిదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. మరి పదకొండు? వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, అయినా ఇక్కడి అధికారికి ప్రమాదం ఉందనిపిస్తోంది అని అర్థం. యూనిక్స్‌లో సిగ్నల్ 11 ఏమిటో మీకు చెప్పక్కర్లేదుగా. సెగ్మెంటేషన్ ఫాల్ట్! ఈ పోలిక దొరికిన రోజు రాత్రి పదకొండింటికి మా ఆవిడని లేపి చెప్పాను. ఆవిడ స్పందన ఇక్కడ రాయను :-)

నవ్వులాటకి అన్నాగానీ, ఆ పదకొండో నంబరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. 'నాకు పైనుంచి ఏ కబురూ రాలేదు' అన్నది కూడా ఒక కబురే అని వాడు గుర్తించాడు. మన సిస్టముల్లో ఎన్నిటికి ఆ తెలివి ఉంది? ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఒక రాత్రి మొత్తం సర్వీసు పడిపోయింది. డాష్‌బోర్డు మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. ఎందుకంటే ఆ డాష్‌బోర్డుకి డేటా పంపాల్సిందీ ఆ పడిపోయిన సర్వీసే. కొత్త డేటా రాలేదు కాబట్టి పాత పచ్చదనమే చూపిస్తూ కూచుంది. అందులో ఆ చెక్ రాసినవాళ్ళలో నేనూ ఉన్నానులెండి, వేరేవాళ్ళ మీదికి తోసెయ్యను.

మళ్ళీ 1977. నవంబరు 19, దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కల్లో పోయినవాళ్ళు పదివేల పైమాట, జనం చెప్పే లెక్క ఇంకా ఎక్కువ. మా నాయనమ్మ పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర. తుపానొస్తోందని రేడియోలో చెప్పలేదా అనడిగితే "చెప్పారేమోరా, రేడియో ఎవరికుంది? ఉన్నవాళ్ళకి కూడా గాలివాన అన్నారు, సముద్రం లేచొస్తుందని ఎవరన్నారు?" అనేది. నీళ్ళు తీసిన మూడు రోజుల తరవాతగానీ ఆమె తమ్ముడి కబురు తెలియలేదు. ఆ కబురేమిటో ఆమె ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఉప్పెన ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ, అవనిగడ్డ దగ్గర, స్మారకం కట్టారు. అటు వెళ్ళినప్పుడల్లా ఆమె బస్సు కిటికీలోంచి మొహం తిప్పుకునేది.

లైట్‌హౌస్ వీళ్ళకేమీ చెయ్యలేదు కదా అని మీరనొచ్చు. నిజమే. ఆ దీపం నేల ఎక్కడుందో సముద్రానికి చెబుతుంది, సముద్రం వస్తోందని నేలకి చెప్పదు. ఆ రెండో పనికి బందరులో ఇప్పుడు వాతావరణ శాఖవాళ్ళ డాప్లర్ రాడార్ ఉంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటినప్పుడు, దాని కదలికలు ముందునుంచీ ఫోన్లో గంటగంటకీ చూస్తూ కూచున్నాం. నాయనమ్మ ఉంటే నమ్మేది కాదు.

ఫోన్లంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు బెజవాడ మీద పడ్డ రోజు. నేను హైదరాబాదులో ఉన్నా. మా బాబాయీ పిన్నీ ఉండేది సింగ్‌నగర్లో, మేడ మీద. పొద్దున మాట్లాడితే "మెట్ల దాకా వచ్చిందిరా" అన్నాడు. మధ్యాహ్నానికి కరెంటు లేదు. సాయంత్రానికి ఫోను లేదు. వాళ్ళ ఫోన్లో ఛార్జింగ్ ఉన్నా చుట్టుపక్కల టవర్లకి కరెంటుండాలిగా. వాట్సాప్‌లో 'లాస్ట్ సీన్' అని ఒక టైము కనబడుతోంది. అదే టైము సోమవారం కూడా కనబడింది. ఆ సోమవారమే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారని టీవీలో. వదిలింది కృష్ణలోకి, మావాళ్ళని ముంచింది బుడమేరు, ఆ తేడా తెలిసి కూడా నాకు ఆ అంకె విన్నప్పుడల్లా కడుపులో దేవింది. మ్యాపులో వాళ్ళ ఇంటి మీద చుక్క అలాగే ఉంది. ఇంటరాక్టివ్ మ్యాపులూ, లైవ్ లొకేషనూ, నేను అన్నం తినేదే వాటి మీద. ఒక్కటీ పనికిరాలేదు.

మూడో రోజు రాత్రి పడవొచ్చి వాళ్ళని తీసుకొచ్చింది. ఎలాగో తెలుసా? బాబాయి దగ్గర రెండు సెల్లుల పాత టార్చిలైటు ఉంది. చీకటి పడ్డాక డాబా మీదికెక్కి, రెండుసార్లు వెలిగించి ఆర్పడం, పది అంకెలు లెక్కపెట్టడం, మళ్ళీ రెండుసార్లు. అలా గంటన్నర. పక్క వీధిలోంచి పోతున్న పడవవాళ్ళు చూసి మళ్ళారు. తరవాత నేను "వెలిగించి అలా పట్టుకోవచ్చుగా బాబాయ్" అంటే, "అలా పట్టుకుంటే ఎవడో ఊరికే వేసుకున్నాడనుకుంటారు, పైగా బ్యాటరీ దండగ. లెక్కగా ఆర్పి వెలిగిస్తేనే అక్కడ మనిషున్నాడని తెలుస్తుంది. బందరులో చూశావుగా?" అన్నాడు. గుణదల కొండ మీద దీపం లైట్‌హౌసని నన్ను నమ్మించింది ఈయనే. ఆ బాకీ ఆ రోజుతో తీరిపోయిందనుకున్నా.

ఇప్పుడు మా కరీంనగరు కుర్రాడి ప్రశ్నకొస్తా. జీపీఎస్ ఉంది కదా అంటాడు. ఉంది. ఆ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి. మన దాకా వచ్చేసరికి ఆ సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. చిన్న జామర్ చాలు దాన్ని ముంచడానికి, ఇంకాస్త తెలివైనవాడైతే తప్పుడు చోటు చూపించడానికి. 2025 జూన్‌లో హోర్ముజ్ జలసంధి చుట్టుపక్కల వందలాది ఓడలకి ఇలా జరిగింది. తెరల మీద ఓడలు నేల మీద తిరుగుతున్నట్టు కనబడ్డాయి. పైగా అది అమెరికా సైన్యం కట్టుకున్న వ్యవస్థ. 2000 మే దాకా మామూలు జనానికి కావాలనే కాస్త తప్పు లెక్క ఇచ్చేవారు. ఆ మీట వాళ్ళ చేతిలో ఉంది కాబట్టే మనం నావిక్ కట్టుకుంటున్నాం. అదే అమెరికావాళ్ళు జీపీఎస్ ఉండగా ఎందుకని నేల మీది లోరాన్-సి రేడియో కేంద్రాల్ని 2010లో మూసేశారు. అలా మూసింది తప్పని వాళ్ళలో వాళ్ళే ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

నేను లైట్‌హౌసే గొప్పది, జీపీఎస్ అవతల పారెయ్యమనట్లేదు. పొగమంచు దట్టంగా పడితే దీపం పనిచెయ్యదు, పగలు దాని వల్ల లాభం అంతంతే. కంటెయినర్ ఓడల కెప్టెన్లు చాలామందికి ఏళ్ళ తరబడి దాని అవసరం పడి ఉండదు కూడా. నా గొడవల్లా ఒక్కటే. రెండో దారి అంటే మొదటి దారితో ఏ సంబంధమూ లేనిదై ఉండాలి. రెండు ఫోన్లు ఉంచుకుని రెండింటికీ ఒకే టవరైతే అది బ్యాకప్ కాదు. దీపం పడిపోవడానికి కారణాలు వేరు, ఉపగ్రహం పడిపోవడానికి కారణాలు వేరు. దాని విలువంతా అక్కడుంది. ఇంకోటి, ఆ స్తంభం ఊరికే దీపం మోస్తూ కూర్చోలేదు. 2008 ముంబయి దాడుల తరవాత తీరం పొడుగునా ఓడల గుర్తింపు సంకేతాలు పట్టుకునే పరికరాల్ని పెట్టింది లైట్‌హౌసుల మీదే, 2012లో ఆ వ్యవస్థ పని మొదలెట్టింది. ఎత్తైన చోటు, కరెంటు, కాపలా, అన్నీ అప్పటికే ఉన్నాయి మరి.

ఖర్చు మాటేమిటంటారా? ఎకనామిక్స్ చదివినవాళ్ళకి లైట్‌హౌస్ అంటే పాఠం. మిల్లు దగ్గర్నుంచి సామ్యూల్సన్ దాకా అందరూ దాన్నే ఉదాహరణగా వాడుకున్నారు. వెలుగు చూసిన ప్రతివాడి దగ్గరా డబ్బులు వసూలు చెయ్యలేం, కాబట్టి ప్రభుత్వమే పెట్టాలని. 1974లో రోనాల్డ్ కోస్ అనే ఆయన "మీరెవరన్నా వెళ్ళి చూశారా?" అని రికార్డులు తిరగేశాడు. ఇంగ్లండులో చాలా లైట్‌హౌసులు ప్రైవేటువాళ్ళు కట్టినవే, రేవుల్లో ఓడల దగ్గర సుంకం వసూలు చేసుకునేవారని తేల్చాడు. ఆ వసూలు హక్కు రాజుగారిచ్చిందే కదా, అది ప్రైవేటెలా అవుతుందని తరవాతివాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. మన దగ్గరా దాదాపు అదే పద్ధతి. 1927 చట్టం ప్రకారం రేవుకొచ్చే ఓడల దగ్గర దీపం సుంకం తీసుకునేవారు. 2021లో కొత్త చట్టం వచ్చినా సుంకం ఉంది. ఈ శాఖ ప్రధాన కార్యాలయం సముద్రం గాలి కూడా సోకని నోయిడాలో ఉందన్నది వేరే జోకు. అంటే ఖర్చు పెద్ద ఓడలది, వెలుగు గిలకలదిండి చేపల పడవవాడిది కూడా. వాడికెవరూ బిల్లు పంపరు.

ఓపెన్ సోర్సు మీద బతికే మనకి ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? 2014లో హార్ట్‌బ్లీడ్ బయటపడ్డప్పుడు, 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే బయటపడ్డప్పుడు చూశాంగా. ప్రపంచమంతా ఆ వెలుగులో నడుస్తోంది, నూనె పోసేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. రోజూ వెలిగేదాన్ని ఎవరూ చూడరు. ఆరిన రోజే కళ్ళు తెరుస్తారు.

చివరగా ఇంకో కథ, ఇది మన అమెరికావాళ్ళ కోసం. కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో. మన కోనసీమ తీరంలో కూడా ఒక శాక్రమెంటో ఉందని వాళ్ళకి తెలుసా? యూఎస్ఎస్ శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక 1867 జూన్ 19న గోదావరి ముఖద్వారం దగ్గర, కొత్తపాలెం ఎదురుగా, నీళ్ళ కింద కనబడని మెట్టకెక్కి ముక్కలైపోయింది. అదృష్టవశాత్తూ మనుషులంతా బతికారు. దాని కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ అని, అంతర్యుద్ధంలో బ్రెజిల్ రేవు దాకా పోయి శత్రునౌకని పట్టుకొచ్చిన మొనగాడు. మన గోదారి మట్టి ముందు ఆ మొనగాడితనం పనిచెయ్యలేదు, 1869 దాకా సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఆ మెట్టకి శాక్రమెంటో షోల్ అని పేరొచ్చింది, అక్కడి లైట్‌హౌసుకీ అదే పేరు. వాషింగ్టన్లో పుస్తకాల్లో ఉన్న ఈ కథ మా అమలాపురం స్నేహితుడికి తెలీదు. వాడు ఉద్యోగం చేసేది శాక్రమెంటో పక్కనే, ఫోల్సమ్‌లో!

2024 ఫిబ్రవరిలో దేశంలో 75 లైట్‌హౌసుల్ని పర్యాటక కేంద్రాలుగా తీర్చిదిద్ది ప్రారంభించారు. మంచిదే. టిక్కెట్టు పెట్టినా, టీ కొట్టు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పిల్లలు పైకెక్కి ఫోటోలు దిగుతారు, దిగనీండి. కానీ మన తీరంలో ప్రతి లైట్‌హౌసు గోడ మీదా ఆ ఊరి తుపానుల తేదీలూ, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయన్న గీతా, ఆ దీపం వరస ఏమిటన్న ఒక్క లైనూ తెలుగులో రాసి పెట్టండి. బందరులో 1864 అని పెద్దక్షరాల్లో ఉండాలి. 2023లో పనులు మొదలైన కొత్త ఓడరేవు పూర్తయి పెద్ద ఓడలొచ్చినప్పుడు, ఆ ఓడవాళ్ళు కూడా చదువుకునేట్టు కింద ఇంగ్లీషు ముక్క కూడా వెయ్యొచ్చు.

మా కుర్రాణ్ణి వచ్చే కార్తీక పౌర్ణమికి బందరు రమ్మన్నాను. మోకాల్లోతు నీళ్ళలో కిలోమీటరు నడిపించి, జీపీఎస్ ఆపేసి, చీకటి పడ్డాక ఒడ్డేదో చెప్పమంటా. బస్సు ఛార్జీలు నావి, బందరు లడ్డూ వాడిది. బాబాయి కూడా వస్తానన్నాడు, టార్చిలైటుతో సహా.